బరకం కింద బురద

వాన పట్టిందంటే మా ఊళ్లో అటకల మీది బరకాలు కిందికి దిగుతాయి. కళ్లంలో పంట ఉన్నవాళ్లు పంట మీద కప్పుతారు. పెరట్లో కోళ్లున్నవాళ్లు కోళ్ల దొడ్డి మీద కప్పుతారు. జాలీ కనపడకుండా నాలుగు వైపులా నేల దాకా దించి, అంచుల మీద ఇటుకలు పెట్టి, చేతులు దులుపుకుని లోపలికొచ్చి, హమ్మయ్య, ఇక కోళ్లకు భయం లేదనుకుంటారు. వింతేమిటంటే, ఇదే మనిషి కళ్లం దగ్గర వాన తెరిపివ్వగానే పరుగెత్తుకెళ్లి బరకం లాగేస్తాడు. తడి ధాన్యాన్ని కప్పి ఉంచితే లోపల వేడెక్కుతుందనీ, రంగు మారుతుందనీ, మొలకొస్తుందనీ అతనికి తెలుసు. రంగు మారిన ధాన్యానికి మిల్లు దగ్గర ఎంత కోత పెడతారో కూడా తెలుసు. ధాన్యం విషయంలో ఒప్పుకున్న న్యాయాన్ని కోడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఒప్పుకోడు? అదీ నా గొడవ.

కోళ్ల దొడ్డి పొడిగా ఉండాలంటే పైన కప్పాలి, పక్కలు మూయాలి. ఈ మాటకు ఇవాళ ఎదురు చెప్పేవాడు లేడు. జాలీ ఫ్రేము చేసిచ్చే వెల్డింగ్ షాపతను ఇదే చెబుతాడు. పచ్చ నెట్టు, నీలం పట్టా అమ్మే అంగడతను ఎలాగూ ఇదే చెబుతాడు. మా బాబాయి సంగతి చెప్పక్కర్లేదు. ‘గాలి తగిలితే రొంప పట్టుద్దిరా అబ్బాయ్, చుట్టూ మూసెయ్యి’ అని ఆయన నాకు పదేళ్లుగా చెబుతున్నాడు. ఈ మాటలో సగమే నిజం. పైన కప్పు ఉండాలి, కాదనను. కానీ తడంతా పైనుంచే వస్తుందనుకోవడం తప్పు. మూస్తే పోతుందనుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. దొడ్డిని బురద చేసే నీళ్లు కోడి ఒంట్లోంచి వస్తాయి, నేల కిందనుంచి వస్తాయి, మనం వేసిన కప్పు అంచు మీదనుంచి వస్తాయి. బరకం ఈ మూడింట్లో ఒక్కదాన్నీ ఆపదు. మొదటిదాన్ని లోపలే బంధిస్తుంది, మూడోదాన్ని తనే తెచ్చిపెడుతుంది.

ముందు కోడి లెక్క చూద్దాం, ఎవరూ వేయని లెక్క అదే కాబట్టి. పెద్ద పెట్ట రోజుకు 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. ఆ మేతకు దాదాపు రెట్టింపు బరువున నీళ్లు తాగుతుంది. ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ తాగుతుంది. పెట్టకు రోజుకు 200 మిల్లీలీటర్లని తక్కువలో తక్కువ వేసుకున్నా, పది పెట్టలకు రెండు లీటర్లు, నెలకు 60 లీటర్లు. అంటే ఇంటికొచ్చే వాటర్ టిన్నులు మూడు. ఆ నీళ్లన్నీ ఎటు పోయినట్టు? 55 గ్రాముల గుడ్డులో ఉండే నీరు దాదాపు 36 గ్రాములు. పది పెట్టలూ పోటీపడి రోజూ గుడ్లు పెట్టినా నెలకు పది పదకొండు లీటర్లు గుడ్ల రూపంలో మన వంటింటికి వస్తాయి. మిగతా 50 లీటర్లూ దొడ్డిలోనే ఉంటాయి, కొంత రెట్టగా, కొంత ఊపిరిగా. తాజా రెట్టలో ముప్పాతిక వంతు నీరే. కోడికి చెమట గ్రంథులు లేవు. 41 డిగ్రీలు దాటే ఒంటి వేడిని తట్టుకోలేనప్పుడు నోరు తెరిచి రొప్పుతూ, ఆవిరిగానే బయటికి వదులుతుంది.

కాబట్టి ఆకాశం నుంచి ఒక్క చుక్క రాలకపోయినా, నెలకు 50 లీటర్ల నీళ్లు మనమే స్వయంగా మోసుకెళ్లి దొడ్డిలో పోస్తున్నాం. ఆ నీళ్లను తిరిగి బయటికి మోసుకుపోయే కూలీ గాలి ఒక్కటే. బరకం దించి ఆ కూలీని గుమ్మంలోనే ఆపేశాక దొడ్డి ఎలా ఆరుతుంది? నమ్మకం లేకపోతే తెల్లవారుజామున బరకం లోపలి వైపు అరచెయ్యి పెట్టి చూడండి. వాన లేని రోజే చూడండి. చెయ్యి తడవకపోతే నన్నడగండి. జింకు రేకుల కింద ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. చలికాలం పొద్దుటిపూట చల్లబడిన రేకుకు కోళ్ల ఊపిరి ఆవిరి తగిలి నీరై, చుక్కలు చుక్కలుగా మళ్లీ ఊక మీదే పడుతుంది. రేకు కారుతోందని మేకుల దగ్గర తారు పూసేవాళ్లను చూశాను. అది పైనుంచి కారడం కాదు నాయనా, లోపల కురుస్తున్న వాన.

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మాది తెనాలి పక్క పల్లె, నల్లరేగడి నేల. దొడ్డి కట్టిన మొదటి ఏడాది, ఆరుద్ర కార్తెలో నాలుగు రోజులు ముసురు పడితే నేనూ అందరిలాగే నీలం పట్టా తెచ్చి చుట్టూ దించాను. తాళ్లు కూడా గట్టిగానే కట్టాను. మూడో రోజుకి తలుపు తీయగానే కళ్లు మండాయి. వారం తిరిగేసరికి రెండు పడ్డ పెట్టలు రెక్కలు వాల్చి మూల కూర్చున్నాయి. రెట్టలో నెత్తురు. పశువుల డాక్టరు వచ్చి, సంచి కింద పెట్టి, మందు సీసా తీయకుండా ముందు పట్టా తాడు విప్పాడు. ‘మందు ఇస్తాను. కానీ దీన్ని ఇట్లాగే ఉంచితే వచ్చే వారం మళ్లీ పిలుస్తారు’ అన్నాడు. నాకు చిన్నతనమనిపించింది. అంత శ్రద్ధగా కాపాడింది నేనే, జబ్బు తెచ్చిందీ నేనే.

ఆ జబ్బు పేరు రక్త పారుడు. దాన్ని తెచ్చే కంటికి కనపడని జీవి గుడ్లలాంటివి రెట్టతో పాటు బయటపడతాయి. పడ్డ వెంటనే వాటికి జబ్బు అంటించే శక్తి ఉండదు. వెచ్చదనం, తేమ దొరికితే ఒకటి రెండు రోజుల్లో ముదురుతాయి. అప్పుడు వాటిని ఏరుకు తిన్న కోడికి పేగుల్లో నెత్తురు మొదలవుతుంది. పొడి ఊకలో పడినవి చాలావరకు ముదరకుండానే ఎండిపోతాయి. జూలై నెలలో మూసి ఉంచిన దొడ్డి ఎలా ఉంటుంది? వెచ్చగా, తేమగా. వాటిని పొదగడానికి కావాలని ఏర్పాటు చేసినా ఇంతకన్నా బాగా చేయలేం. ఇంత సులువుగా తప్పించుకోగల రోగానికి ప్రతి వానాకాలం మందుల షాపులో డబ్బు పోస్తున్నామంటే, ఆ డబ్బులో కొంత బరకం ఖర్చు కింద రాసుకోవాలి.

ఇక రొంప సంగతి. మూసెయ్యమనే వాళ్ల చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఇదే. కోడి గురక పెడుతోంది, ముక్కు కారుతోంది, గాలి తగిలింది, మూసెయ్యి! నిజానికి తడి రెట్టలో ఉండే యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు విరగ్గొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. కళ్లు మండించేది అదే. పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లకు మించి ఉండకూడదని కోళ్ల పెంపకందారులు గీత గీసుకున్నారు. అది దాటితే కోడి గొంతులో దుమ్మునూ క్రిములనూ బయటికి ఊడ్చే సన్నటి నూగు దెబ్బతింటుంది. ఊడ్చేది పోయాక గురక తెచ్చే క్రిములకు తలుపులు తెరిచినట్టే. మూసెయ్యడం వల్ల వచ్చిన గురకకు ఇంకాస్త మూసెయ్యడమే వైద్యమన్నమాట. ‘నాకు వాసనేం రావట్లేదే’ అంటాడు బాబాయి. రాదు. రోజూ పోయేవాడి ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. పైగా ఆయన ముక్కు నేలకు ఐదడుగుల ఎత్తులో ఉంది, కోడి ముక్కు మూరెడు ఎత్తులో కూడా ఉండదు. దొడ్డిలోకి వెళ్లి గొంతుక్కూర్చుని, పది గుక్కలు గాలి పీల్చి అప్పుడు చెప్పమనండి.

ఈదురుగాలి కోడికి మంచిదని నేననడం లేదు. తడిసిన ఈకల మీద రాత్రంతా గాలి కొడితే ఎంత గట్టి కోడైనా ముడుచుకుపోతుంది. నూగు తప్ప ఈకలు రాని పిల్లలైతే చచ్చిపోతాయి. కానీ ఒంటి మీద కొట్టే గాలి వేరు, నెత్తి మీదుగా సాగిపోయే గాలి వేరు. ఈ తేడా కోళ్ల షెడ్లు నడిపేవాళ్లకు బాగా తెలుసు. వాళ్ల పరదా చూడండి. కింది అంచును గోడకు బిగిస్తారు, అవసరమైనప్పుడు కిందనుంచి పైకి లాగుతారు, పైన అడుగో అడుగున్నరో ఖాళీ వదులుతారు. జల్లు కోళ్ల మీద పడదు, ఆవిరి పైనుంచి వెళ్లిపోతుంది. మనం ఇంటి దగ్గర సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తాం. పై అంచును కట్టి కిందికి వదులుతాం. అప్పుడు పైన ఆవిరి చిక్కుకుంటుంది, కింద అంచు గాలికి ఎగిరెగిరి జల్లంతా కోళ్ల కాళ్ల మీదే పడుతుంది. ఒకే బరకం, ఒకే తాడు. కట్టే చోటు ఒక్కటే తేడా.

అసలు అనపర్తి వైపో తణుకు వైపో వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి చూసినవాళ్లెవరైనా ఈ మూసెయ్యమనే సిద్ధాంతాన్ని ఎలా నమ్ముతారో నాకు అర్థం కాదు. వేల కోళ్లు, లక్షల పెట్టుబడి. అయినా షెడ్డుకి నిండు గోడల్లేవు. కింది పొట్టి గోడ మీదనుంచి పైదాకా జాలీయే. గుడ్ల కోళ్ల షెడ్లయితే నేలకు నిలువెత్తు పైన, స్తంభాల మీద ఉంటాయి. రెట్ట కింద పడుతుంది, కోడి పైన గాలిలో ఉంటుంది. పొడవు తూర్పు పడమరలుగా ఉంటుంది, ఎండ పక్కలనుంచి దూరకుండా. చూరు మూడు నాలుగడుగులు బయటికి ఉంటుంది. ఒక్క పూట గుడ్లు తగ్గితే నష్టం లెక్కవేసుకునే మనుషులు వాళ్లు. మూస్తే లాభమైతే ఎప్పుడో మూసేవాళ్లు.

దీనికి జవాబుగా ఈమధ్య ఒక మాట వినిపిస్తోంది. ‘ఇప్పుడు ఈసీ (వాతావరణ నియంత్రిత) షెడ్లొచ్చాయిగా, అవి నాలుగు పక్కలా మూసే ఉంటాయిగా’ అని. నిజమే, మూసే ఉంటాయి. కానీ ఆ షెడ్డు చివర పెద్ద పెద్ద ఫ్యాన్లు వరసగా తిరుగుతుంటాయి. నిమిషాల్లో షెడ్డు గాలంతా మార్చేస్తాయి. కరెంటు పోయిందంటే జనరేటరు వెంటనే అందుకోవాలి, లేకపోతే ఏమవుతుందో ఆ షెడ్డు యజమానిని అడగండి. అతను మూసింది గాలిని ఆపడానికి కాదు, గాలి తను చెప్పిన దారిలో నడవడానికి. మన పెరటి బరకానికి ఆ ఫ్యాన్లు ఎక్కడున్నాయి?

ఇక నేల. దీని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. దొడ్డి కట్టేటప్పుడు నూటికి తొంభై మంది పెరట్లో పనికిరాని మూల చూస్తారు. పనికిరాని మూలంటే చాలాసార్లు పల్లపు మూలే. ఇంటి నీళ్లు, వాన నీళ్లు, ఎదురింటి నీళ్లు అన్నీ అక్కడికే చేరతాయి. పైన ఎంత ఖరీదైన రేకు వేసినా కిందనుంచి ఊరే నీళ్లకు ఆ సంగతి పట్టదు. మొరం నేలల్లో, తెలంగాణ చెలకల్లో నీళ్లు త్వరగానే ఇంకిపోతాయి కాబట్టి అక్కడివాళ్లకు నా బాధ అంతగా తెలియకపోవచ్చు. మా డెల్టా రేగడి అలా కాదు. ఒకసారి తాగిందంటే వదలదు. కోళ్లు కాళ్లతో గీరి గీరి దాన్ని ముద్ద చేసిపెడతాయి. దాని మీద ఊక పోస్తే ఊక కూడా ముద్దవుతుంది. మళ్లీ పోస్తాం, మళ్లీ ముద్ద. ప్రతి వానకూ ఒక బస్తా ఊక నేలకు తినిపించడమే.

చేయాల్సింది మెరక. చుట్టుపక్కల నేలకన్నా కనీసం అడుగెత్తు. అడుగున విరిగిన ఇటుక ముక్కలు, దాని మీద గ్రావెల్, పైన ముతక ఇసుక లేదా క్రషర్ దుమ్ము, ఆపైన ఊక. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలతోనే నేను ఈ పని చేశాను. ఖర్చు ట్రాక్టరు బాడుగే. ఎండుగడ్డి పరవొద్దు. తడిస్తే చాపలా అతుక్కుపోయి కింద బూజు పడుతుంది. వరి ఊక తడిసినా త్వరగా ఆరుతుంది, కోళ్లు గీరినకొద్దీ తిరగబడుతుంది. ఊక బాగుందో లేదో తెలుసుకోవడానికి పరికరాలేం అక్కర్లేదు. పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కి వదలండి. ఉండ కట్టి అలాగే నిలబడితే తడెక్కువైనట్టు. మెల్లగా విచ్చుకుని విడిపోతే బాగున్నట్టు. తేమ నూటికి 20, 25 పాళ్లుంటే ఊక ఊకలా ఉంటుంది. 30 దాటితే అట్ట కడుతుంది. అన్నిటికన్నా ముందు అట్ట కట్టేది నీళ్ల గిన్నె చుట్టూ. గిన్నెను కోడి వీపంత ఎత్తున ఇటుకల మీద పెడితే సగం తడి తగ్గుతుంది. ఈ చిన్న పని చేయకుండా పెద్ద బరకం కొనేవాళ్లను చూస్తే నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

మూడోది చూరు నీళ్లు. పది అడుగులకు పన్నెండు అడుగుల కప్పంటే 11 చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. తుపాను రోజున 100 మిల్లీమీటర్లు పడటం మాకు వింత కాదు. అంటే ఆ ఒక్క రోజులో 1,100 లీటర్లకు పైగా, 200 లీటర్ల డ్రమ్ములు ఐదున్నర, ఆ చిన్న కప్పు మీదనుంచి జారి కింద పడతాయి. ఎక్కడ పడతాయి? బరకాన్ని జాలీకి ఆనించి కట్టినవాళ్లకు సరిగ్గా జాలీ మొదట్లో, దొడ్డి నేలను తాకుతూ పడతాయి. కప్పు లేకపోతే దొడ్డంతా పలచగా పరుచుకునే వానను పోగుచేసి ఒక గీత మీద పోశామన్నమాట. అక్కడినుంచి లోపలికి ఊరడానికి ఎంతసేపు? పీవీసీ పైపును నిలువునా కోసి చూరుకు కట్టి, ఆ నీళ్లను అరటి పాదులోకి మళ్లించండి. అది కూడా కాదంటే చూరు కింద బోదె తీసి వాలు ఇవ్వండి. నీళ్లు నిలవకపోతే దోమలూ తగ్గుతాయి. కోళ్ల మశూచిని ఒక కోడి నుంచి ఇంకో కోడికి మోసేది ప్రధానంగా ఆ దోమలే.

‘మరి జల్లు? పక్కలు మూయకపోతే జల్లు కొట్టదా?’ అని అడగాల్సిన ప్రశ్నే అడుగుతారు. దీనికి జవాబు మన తాతలు కట్టుకున్న ఇళ్లలో ఉంది. తాటాకిళ్ల చూరు ఎంత కిందికి ఉండేదో గుర్తు తెచ్చుకోండి. తల వంచనిదే లోపలికి పోయే వీల్లేదు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ల చూరైతే ఇంకా కిందికి దిగి ఉంటుంది. అది పేదరికం కాదు, లెక్క. గాలికి 45 డిగ్రీల ఏటవాలున కొట్టే చినుకు ఎంత దూరం ముందుకొస్తే అంత కిందికి దిగుతుంది. చూరు అంచు నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉండి, జాలీ నుంచి మూడడుగులు బయటికి ఉందనుకుందాం. చూరు అంచును రాసుకుంటూ వచ్చిన చినుకు ఆ మూడడుగులు దాటేసరికి మూడడుగులు కిందికి దిగి, నేలకు అడుగున్నర ఎత్తులో జాలీని తాకుతుంది. అక్కడ అడుగున్నర గోడ ఉంటే చాలు. చినుకు లోపలికి రాదు. గోడ మీద జాలీ అంతా ఖాళీ, గాలి ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. ఒక్క అంగుళం బరకం లేదు. అంతకన్నా ఏటవాలుగా కొట్టే రోజులు ఏడాదికి ఎన్ని? ఆ రోజులకు గాలివాటు వైపు మాత్రం, కింద బిగించి పైకి లాగే పరదా. మిగతా మూడు వైపులూ తెరిచే ఉంచాలి.

ఇంతవరకూ మూసెయ్యమనే వాళ్లతో తగాదా. వీళ్లకు ఎదురుగా ఇంకో జట్టుంది. ‘నాటు కోడికి ఇవన్నీ ఏంది? మా అమ్మమ్మ కాలంలో కోళ్లు చింతచెట్టెక్కి పడుకునేయి. వానకు తడిసేయి, పొద్దున్నే దిగి తిరిగేయి. ఏమన్నా అయిందా?’ అంటారు వీళ్లు. మొదటి జట్టుకన్నా వీళ్ల మీద నాకు కొంచెం గౌరవం ఎక్కువ. చింతచెట్టు మంచి గూడు. ఎత్తులో ఉంటుంది, చుట్టూ గాలి, రెట్ట కింద ఎక్కడో పడుతుంది. గుబురు ఆకుల్లో జల్లు విరుగుతుంది. ఒక కొమ్మ మీద తడి తగిలితే కోడి ఇంకో కొమ్మకు మారుతుంది. ఇంకేం కావాలి? కానీ వాళ్లు మర్చిపోయేది ఒకటుంది. ఆ కోడికి పదిళ్ల పెరళ్లు తిరిగే స్వేచ్ఛ ఉంది. మీరు జాలీ కట్టి పది కోళ్లను నూట ఇరవై చదరపు అడుగుల్లో పెట్టిన రోజే ఆ చెట్టునూ ఆ స్వేచ్ఛనూ తీసేసుకున్నారు. తన రెట్ట మీద తనే రోజంతా నిలబడాల్సిన కోడికి అమ్మమ్మ కాలపు ధైర్యం చెబితే ఏం లాభం? పైగా ఇప్పుడు పెరళ్లలో ఉన్నవన్నీ నాటు కోళ్లు కావు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజాలూ గ్రామప్రియలూ పల్లెపల్లెకూ వచ్చాయి. బరువైన వనరాజాకు చింతకొమ్మ దాకా ఎగరడమే కష్టం.

‘ఏమన్నా అయిందా’ అన్న ప్రశ్నకూ జవాబుంది. అయింది. ఏడాదికోసారి కొక్కెర తెగులొచ్చి ఊళ్లో కోళ్లన్నీ ఊడ్చుకుపోయేవి. పోయినవాటిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, మిగిలిన రెండింటినీ చూపించి గట్టి జాతి అన్నారు. కొక్కెర తెగులు వానకు రాదు, వైరస్‌తో వస్తుంది. దానికి టీకా ఒక్కటే దారి, దొడ్డి ఎంత పొడిగా ఉన్నా సరే. ఈ మాట నా పక్షానికి కూడా చెప్పుకోవాలి. అయితే ఈ గట్టి జాతి వాదులను ఒక్కటి అడుగుతాను. ఇదే మనుషులు సంక్రాంతికి సిద్ధం చేసే పందెం పుంజును ఒక్క పూట వానలో వదులుతారా? చట్టం పందేలను ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను, అది వేరే వ్యాసం. కానీ ఆ పుంజుకు మెరక మీద చోటు, కాళ్ల కింద పొడి ఇసుక, నెత్తి మీద నీడ, చుట్టూ గాలి. డబ్బు పెట్టిన కోడి దగ్గర అన్నీ తెలుసు. గుడ్లు పెట్టే పెట్ట దగ్గరికి వచ్చేసరికి జాతి గట్టిదైపోతుంది.

మధ్యేమార్గంగా సున్నం చల్లమనేవాళ్లున్నారు. ఖాళీ చేసి గీరేసిన నేలకు సున్నం కొట్టడం మంచి పనే. కోళ్లు లోపల ఉండగా తడి ఊక మీద చల్లితే మాత్రం, సున్నపు క్షారానికి రెట్టలో అణగి ఉన్న అమ్మోనియా ఒక్కసారిగా పైకి లేస్తుంది. తడి ఊకను తీసి అవతల పోసి కొత్తది వేయడానికి బద్ధకించి చేసే పని ఇది. గచ్చు చేయించమనేవాళ్లూ ఉన్నారు. వాలు ఇవ్వని గచ్చు మీద నీళ్లు ఎక్కడివక్కడ నిలుస్తాయి. వాలు ఇచ్చి, పైన నాలుగంగుళాల ఊక పోసేట్టయితే పందికొక్కుల బాధ తప్పుతుంది కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

చివరికి తుపాను మాట. బరకం పక్షంవాళ్లు అన్నీ ఓడాక దీన్నే పట్టుకుంటారు. తుపానుకు బరకం లేకపోతే ఎలా అని. తుపానుకు బరకమే మొదటి శత్రువు. గాలి వేగం రెట్టింపయితే అది తోసే బలం నాలుగింతలవుతుంది. జాలీలోంచి గాలి దూరి పోతుంది. చుట్టూ బరకం కట్టిన దొడ్డి తెరచాప ఎత్తిన పడవ. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను మాకు దగ్గర్లోనే, బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందు రోజే నేను పరదాలన్నీ విప్పి చుట్టిపెట్టి, కోళ్లను గంపల్లో వేసి వసారాలోకి తెచ్చాను. పది కోళ్లకు అంతకు మించిన కోట అక్కర్లేదు. రెండు రోజులు వసారా కంపు కొట్టింది, మా ఆవిడ నాతో మాట్లాడలేదు. మూడో రోజు వెళ్లి చూస్తే దొడ్డి చోటు నుంచి కదల్లేదు. గాలివాటు వైపు ఊక మూరెడు మేర తడిసింది, గీరి పారేసి రెండు తట్టలు కొత్తది పోశాను.

బాబాయి తన దొడ్డికి బరకం ఇంకో రెండు తాళ్లేసి మరీ బిగించాడు. ఫ్రేముతో సహా లేచి అది పక్కింటి కొట్టం మీద పడింది. కోళ్లను ముందే ఇంట్లోకి తెచ్చుకున్నాడు కాబట్టి బతికిపోయాయి. బరకం మధ్యకు చీలి, సగం ముక్క మా కొబ్బరి మట్టలకు చిక్కుకుని నాలుగు రోజులు జెండాలా ఆడింది. మిగిలిన సగంతో ఆయన మళ్లీ దొడ్డి కట్టాడు. మొన్న వెళ్తే చూశాను. కింది అంచు ఇటుకలకు బిగించి ఉంది, మూడడుగుల పైన అంతా జాలీయే. లోపల కోళ్లు పొడి ఊకలో పొర్లుతున్నాయి.

‘గాలి కోసం వదిలావా బాబాయ్?’ అన్నాను.

‘గాలీ లేదు గీలీ లేదు, బరకం చాల్లేదు’ అన్నాడు.